రాజీనామాల దారి: నీలం సంజీవరెడ్డి రాజకీయ జీవితం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నీలం సంజీవరెడ్డి (1913–1996) రాజకీయ జీవితాన్ని ఆయన అధిష్ఠించిన పదవుల వరుసగా చెప్పడం పరిపాటి. ఈ వ్యాసం ఆ పదవులను ఆయన విడిచిన తీరును ఆధారంగా చేసుకొంటుంది. 1951, 1960, 1964, 1967, 1969, 1977 సంవత్సరాల్లో ఆయన వదులుకొన్నవాటి వెనుక కారణాలు ఒక్కటి కావు. ఆ తేడాలను గుర్తించి, 1979లో రాష్ట్రపతిగా ఆయన చేసిన లోక్‌సభ రద్దును ఆ నేపథ్యంలో అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నీలం సంజీవరెడ్డి, రాజీనామా, కర్నూలు బస్సు మార్గాల కేసు, 1969 రాష్ట్రపతి ఎన్నిక, లోక్‌సభ రద్దు, జగ్జీవన్ రామ్.

ఉపోద్ఘాతం

తెలుగులో ‘రాజీనామా’ అనే మాటకు ఇవాళ ఒకే అర్థం స్థిరపడింది. పదవిని వదులుకోవడం, అందుకోసం రాసి ఇచ్చే పత్రం. అరబీ, పారసీ మూలాల నుంచి కచేరీ భాష ద్వారా తెలుగులోకి వచ్చిన ఈ మాటకు తొలి అర్థం సమ్మతిపత్రం. వాది ప్రతివాదులు రాజీపడి న్యాయస్థానానికి సమర్పించుకొనే కాగితం రాజీనామా. రైత్వారీ రెవెన్యూ వ్యవహారాల్లో రైతు తన సాగుభూమిని విడిచిపెడుతూ రాసి ఇచ్చే కాగితం కూడా రాజీనామాయే. ఒప్పందం, విడుపు అనే రెండు భావాలు ఈ మాటలో పక్కపక్కనే ఉన్నాయి. పదవీత్యాగం అన్నప్పుడు వదలడం మాత్రమే కనిపిస్తుంది. రాజీనామా అన్నప్పుడు ఎవరితోనో, దేనితోనో కుదిరిన రాజీ కూడా లీలగా వినిపిస్తుంది.

సంజీవరెడ్డి జీవితాన్ని చదవడానికి ఈ అర్థచ్ఛాయ ఉపకరిస్తుంది. మద్రాసు రాష్ట్ర మంత్రి, ఆంధ్ర రాష్ట్ర ఉపముఖ్యమంత్రి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడు, కేంద్రమంత్రి, రెండుసార్లు లోక్‌సభ స్పీకరు, రాష్ట్రపతి: పట్టికగా చూస్తే ఇది ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పోయిన జీవితం. కాని ఆ పట్టికలోని ముఖ్యమైన పదవులు అనేకం గడువు తీరి ముగిసినవి కావు, రాజీనామాతో ముగిసినవి. సమకాలికులు కొందరు వాటిని త్యాగాలుగా కీర్తించారు, మరికొందరు ఎత్తుగడలుగా కొట్టివేశారు. రెండూ తొందరపాటు తీర్పులే.

అనంతపురం నుంచి విదర్భ అమరావతి జైలు దాకా

సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో జన్మించారు. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం ఉన్నత పాఠశాలలో, ఆ తరువాత అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో చదివారు. గాంధీజీ 1929లో అనంతపురం వచ్చిన నాటి ప్రభావంతో స్వాతంత్ర్యోద్యమం వైపు మళ్లి, 1931లో చదువుకు స్వస్తి చెప్పారు. పాతికేళ్ల వయసులో, 1938లో, ఆంధ్ర ప్రాంతీయ కాంగ్రెసు సంఘం కార్యదర్శి అయి పదేళ్లపాటు ఆ బాధ్యతలో ఉన్నారు. ఆయన రాజకీయ విద్య వేదికల మీద కాక పార్టీ కార్యాలయంలో జరిగిందన్న విషయం తరువాతి కథకంతా కీలకం. ఎవరి బలం ఎక్కడుందో, ఏ జిల్లాలో ఎవరికి ఎవరితో పొసగదో తెలిసిన కార్యదర్శి ఆయన.

1940 నుంచి 1945 వరకు ఎక్కువకాలం ఆయన జైళ్లలోనే గడిపారు. క్విట్ ఇండియా ఉద్యమకాలంలో విదర్భలోని అమరావతి జైలులో టంగుటూరి ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి ఆయనకు సహఖైదీలు. ఈ నాలుగు పేర్లలో మూడు ఆయన జీవితంలోని మూడు మలుపుల దగ్గర మళ్లీ ఎదురవుతాయి. 1953లో ప్రకాశం కోసం ఆయన ముఖ్యమంత్రి పీఠాన్ని పక్కన పెట్టారు. 1969లో కామరాజ్ ఆయనను రాష్ట్రపతి పదవికి ప్రతిపాదించిన బృందంలో ఉన్నారు. అదే ఎన్నికలో ఆయనను ఓడించినవారు గిరి.

తొలి రాజీనామా: 1951

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికైన సంజీవరెడ్డి రాజ్యాంగసభలోనూ సభ్యులయ్యారు. 1949 ఏప్రిల్ నుంచి మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖల మంత్రిగా పనిచేశారు. రెండేళ్లకు ఆ పదవిని వదులుకొన్నారు. ఆంధ్ర ప్రాంతీయ కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఆచార్య ఎన్.జి. రంగాతో పోటీపడటం అందుకు కారణం. హోరాహోరీగా సాగిన ఆ పోటీలో సంజీవరెడ్డి గెలిచారు. రంగా కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించారు.

మంత్రి పదవి వదిలి పార్టీ పదవికి పోటీచేయడం ఇవాళ్టి పాఠకునికి వింతగా తోచవచ్చు. 1951లో అది వింత కాదు. మొదటి సార్వత్రిక ఎన్నికలు ముంగిట ఉన్నాయి, ఎవరు పోటీచేయాలో తేల్చే అధికారం పార్టీ చేతిలో ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే దాని పగ్గాలు పార్టీని చేజిక్కించుకొన్నవారికే దక్కుతాయి. ఈ రాజీనామాలో త్యాగం పాలు తక్కువ, దూరదృష్టి పాలు ఎక్కువ.

అయితే ఆ దూరదృష్టి సొంత ఊళ్లో పనిచేయలేదు. ఆ సార్వత్రిక ఎన్నికల్లో అనంతపురం నుంచి శాసనసభకు పోటీచేసిన సంజీవరెడ్డిని కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి ఓడించారు. నాగిరెడ్డి ఆయన భార్య నాగరత్నమ్మకు సోదరుడు. ఓడిన ప్రాంతీయ కాంగ్రెసు అధ్యక్షుడు రాజ్యసభకు వెళ్లారు. 1953 అక్టోబరులో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం ముఖ్యమంత్రిగా, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేశారు. కాంగ్రెసు బలం తన వెనుక ఉన్నా, కాంగ్రెసుకు బయట ఉండిపోయిన వృద్ధనాయకునికి ఆయన పెద్దరికం ఇచ్చారు. 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై ఆ మంత్రివర్గం కూలింది. 1955లో బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలోనూ సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రే.

ఆరో వేలు

ఈ వివరాన్ని గుర్తుంచుకోవలసిన సందర్భం 1956లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై ఆంధ్ర ప్రాంతం తరఫున సంతకం చేసిన నలుగురిలో సంజీవరెడ్డి ఒకరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్నది ఆ ఒప్పందంలోని ఒక అంశం. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తొలి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి తన మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి పదవి ఉంచలేదు. ఆ పదవి చేతికి ఆరో వేలులాంటిదని ఆయన అన్నట్లు తెలంగాణ రాజకీయ సాహిత్యం అంతటా ప్రస్తావన కనిపిస్తుంది.

ఆ మాట అన్న వ్యక్తి అప్పటికి మూడేళ్ల వ్యవధిలో ఇద్దరు ముఖ్యమంత్రుల కింద తానే ఉపముఖ్యమంత్రిగా పనిచేసి ఉన్నారు. ఆ పదవి నిరర్థకమని అనుభవంతో చెప్పారని సమర్థించుకోవచ్చు. కాని ఒప్పందంపై సంతకం పెట్టేనాటికి కూడా ఆయనకు ఆ అనుభవం ఉంది. తెలంగాణ ప్రజలకు ఆ పదవి పాలనావసరం కాదు, ఇచ్చిన మాటకు గుర్తు. దానిని పాలనావసరంగా మాత్రమే తూచడం ఆయన చేసిన పొరపాటు. దామోదరం సంజీవయ్య కాలంలో కె.వి. రంగారెడ్డి ఉపముఖ్యమంత్రి అయినా, ఒప్పందం తొలినాడే ఉల్లంఘనకు గురైందన్న భావన చెరగలేదు. 1969 తెలంగాణ ఉద్యమంలో అది ప్రధానమైన ఫిర్యాదులలో ఒకటిగా నిలిచింది. సంజీవరెడ్డి వదులుకొన్న పదవుల గురించి ఎంత రాసినా, ఇవ్వకుండా ఆపిన ఈ ఒక్క పదవి తెలుగు ప్రాంతాల చరిత్రపై వేసిన ముద్ర వాటన్నిటికన్నా లోతైనది.

రెండో రాజీనామా 1960 జనవరిలో. అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షునిగా ఎన్నికైన సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవిని వీడారు. సంజీవయ్య ఆ స్థానంలోకి వచ్చి దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. 1962 ఎన్నికల తరువాత సంజీవరెడ్డి తిరిగి ముఖ్యమంత్రి కాగా సంజీవయ్య కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. చూడటానికి ఇద్దరూ పీటలు మార్చుకొన్నట్లే ఉంది. అయితే సంజీవరెడ్డి ఢిల్లీ నుంచి రాష్ట్రానికి తిరిగి రావడానికి ఇష్టపడటం, నాటి ముఖ్యమంత్రుల స్థానం జాతీయ అధ్యక్షుని స్థానం కన్నా ఎంత బరువైనదో తెలుపుతుంది.

కర్నూలు బస్సు మార్గాలు

సంజీవరెడ్డి రాజీనామాలలో ప్రజలకు ఎక్కువగా గుర్తున్నది 1964 నాటిది. దానికి మూలం బస్సు మార్గాల జాతీయీకరణ. ప్రైవేటు బస్సు యజమానుల చేతిలోని మార్గాలను రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ జిల్లాల వారీగా స్వాధీనం చేసుకొంటున్న కాలమది. మిగిలిన జిల్లాల కన్నా ముందు కర్నూలు జిల్లా పశ్చిమభాగంలోని మార్గాలను ఎంచుకోవడం వివాదానికి దారితీసింది. ఎన్నికల్లో ముఖ్యమంత్రికి వ్యతిరేకంగా పనిచేసినవారి బస్సులు ఆ మార్గాల్లో ఉన్నాయనీ, వారిని దెబ్బతీయడానికే వరుస మార్చారనీ యజమానులు ఆరోపించారు. 1962లో సంజీవరెడ్డి గెలిచిన డోన్ నియోజకవర్గం కర్నూలు జిల్లాలోనిదే.

సుప్రీంకోర్టు 1964 జనవరిలో తీర్పు చెప్పింది. న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగార్ రాసిన ఆ తీర్పులోని తర్కాన్ని కొంత జాగ్రత్తగా చదవాలి. ముఖ్యమంత్రి కక్షతో వ్యవహరించారని న్యాయస్థానం స్వయంగా విచారణ జరిపి తేల్చలేదు. దురుద్దేశాన్ని ఆపాదిస్తూ స్పష్టమైన ఆరోపణలు వచ్చినప్పుడు వాటిని ఖండించవలసినది ఎవరి మీద ఆరోపణ వచ్చిందో వారే. ముఖ్యమంత్రి తరఫున ప్రమాణపత్రం దాఖలు కాలేదు. ఖండన లేని ఆరోపణ ఖండన లేనిదిగానే మిగిలింది. ఆ ప్రాతిపదికపై రవాణా పథకం చెల్లలేదు. దురుద్దేశం అన్న భావనను పరిపాలనా న్యాయశాస్త్రంలో చర్చించేవారు నేటికీ ఈ తీర్పును ఉదాహరిస్తారు.

ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు, కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. న్యాయస్థానం వ్యాఖ్యను గౌరవించి పదవి వీడిన ముఖ్యమంత్రిగా సంజీవరెడ్డికి వచ్చిన పేరు అన్యాయమైనది కాదు. ఎవరూ తొలగించకముందే ఆయన తొలగారు. కాని ఇక్కడ ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. న్యాయస్థానం అడిగినది ప్రమాణపత్రం, ఆయన ఇచ్చినది రాజీనామాపత్రం. మొదటిది ఇచ్చి ఉంటే నిజానిజాలు తేలేవి. రెండోది ఇవ్వడంతో గౌరవం నిలిచింది, నిజం తేలలేదు. ‘రాజీనామా’ పాత అర్థం ఇక్కడ ఎంతగానో అన్వయిస్తుంది.

నాటి వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అంతకు కొన్ని నెలల ముందే, 1963 ఆగస్టులో, కామరాజ్ ప్రణాళిక కింద ఆరుగురు కేంద్రమంత్రులు, ఆరుగురు ముఖ్యమంత్రులు పదవులు వీడారు. వారిలో సంజీవరెడ్డి లేరు. అదే ఏడాది అక్టోబరులో తిరుపతిలో కామరాజ్, నిజలింగప్ప, అతుల్య ఘోష్‌లతో ఆయన సమావేశమయ్యారు. నెహ్రూ తరువాతి కాంగ్రెసును నడిపిన ‘సిండికేట్’ పుట్టుకను చరిత్రకారులు ఆ సమావేశంలో గుర్తిస్తారు. పదవి వీడటం అంటే రాజకీయాలు వీడటం కాదన్నది ఆనాటి కాంగ్రెసులో అందరికీ తెలిసినదే. ఫిబ్రవరిలో రాజీనామా చేసిన సంజీవరెడ్డి జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు, గనుల మంత్రి. నైతిక బాధ్యతకు పట్టిన కాలం నాలుగు నెలలు.

స్పీకరు స్థానం

1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు ఎన్నికైన సంజీవరెడ్డి మార్చి 17న స్పీకరయ్యారు. ఆయనపై ప్రతిపక్షం నిలిపిన అభ్యర్థి తెన్నేటి విశ్వనాథం, 1953 నాటి ప్రకాశం మంత్రివర్గంలో ఆయన సహచరుడు. కాంగ్రెసు ఆధిక్యం బాగా తగ్గిన సభ అది. ఎన్నికైన వెంటనే సంజీవరెడ్డి కాంగ్రెసు సభ్యత్వానికి రాజీనామా చేశారు.

ఆయన రాజీనామాలన్నిటిలో ఏ లాభాపేక్షా కనిపించనిది ఇదే. దానికి తగినట్లుగానే సభను నడిపారు. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజునే ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు అనుమతించారు. ప్రభుత్వం సభకు జవాబుదారీ కావాలంటే ఆ జవాబు ఆలస్యం కాకూడదన్నది ఆ అనుమతి వెనుక ఉన్న సూత్రం. షెడ్యూల్డు కులాల, తెగల సంక్షేమానికి పార్లమెంటరీ సంఘం ఏర్పాటయింది కూడా ఆయన కాలంలోనే. పన్నెండేళ్ల తరువాతి రాష్ట్రపతిని అంచనా వేసేటప్పుడు ఈ స్పీకరును పక్కన నిలబెట్టి చూడాలి.

1969: ఒకే ఏడాది, రెండు రాజీనామాలు

రాష్ట్రపతి జాకిర్ హుసేన్ 1969 మే 3న మరణించారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో బెంగుళూరులో సమావేశమైన కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డులో ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు ప్రతిపాదించారు. సిండికేట్ సంజీవరెడ్డిని నిలిపింది. కామరాజ్, మొరార్జీ దేశాయ్, ఎస్.కె. పాటిల్, వై.బి. చవాన్ ఆయనకు అనుకూలంగా ఓటు వేయడంతో నాలుగు ఓట్లకు రెండు ఓట్ల తేడాతో ఆయన అభ్యర్థిత్వం ఖరారైంది. ఈ పేర్లను గుర్తుంచుకోవాలి. ఓడిన జగ్జీవన్ రామ్, ఓటు వేసిన మొరార్జీ, చవాన్ పదేళ్ల తరువాత ఆయన గుమ్మం ముందుకు వచ్చినవారే.

తరువాతి సంఘటనలు వేగంగా నడిచాయి. జూలై 16న మొరార్జీ నుంచి ఆర్థికశాఖను తప్పించిన ప్రధాని, 19న పద్నాలుగు బ్యాంకులను ఆర్డినెన్సు ద్వారా జాతీయం చేశారు. ఆ ఆర్డినెన్సుపై సంతకం చేసిన గిరి మరునాడు పదవికి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. సంజీవరెడ్డి కూడా అదే సమయంలో స్పీకరు పదవిని విడిచిపెట్టారు. ఆయన నామినేషను పత్రంపై సంతకం చేసిన ఇందిరాగాంధీయే అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని పిలుపునిచ్చారు. ద్వితీయ ప్రాధాన్య ఓట్ల కోసం కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీ నేతలతో మంతనాలు జరపడం ఆ పిలుపునకు సాకు ఇచ్చింది. 1951లో తాను ఓడించిన రంగా స్థాపకుల్లో ఒకరైన పార్టీ ఓట్లు సంజీవరెడ్డికి అవసరమయ్యాయి.

ఆగస్టు 16న పోలింగు జరిగింది, 20న ఫలితం వెలువడింది. తొలి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548 ఓట్ల విలువ దక్కింది. ఎవరికీ కావలసిన 4,18,169 రాలేదు. ద్వితీయ ప్రాధాన్యాలు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650. ఒకే జైలులో ఉన్న ఇద్దరు తెలుగువాళ్ల మధ్య పోటీ భారత జాతీయ కాంగ్రెసును ఆ ఏడాది నవంబరులో రెండుగా చీల్చింది. సంజీవరెడ్డిపై ప్రచారమైన అజ్ఞాత కరపత్రం గురించిన ఎన్నికల పిటిషనులో రాష్ట్రపతి గిరి స్వయంగా సుప్రీంకోర్టుకు హాజరై సాక్ష్యం ఇచ్చారు. పిటిషను వీగిపోయింది. 1964లో ప్రమాణపత్రం ఇవ్వని ముఖ్యమంత్రిని, 1970లో సాక్షిపీఠానికి వచ్చిన రాష్ట్రపతిని పోల్చకుండా ఉండటం కష్టం.

పార్టీ సభ్యత్వం వదిలి స్పీకరు పీఠానికి సంపాదించిపెట్టిన నిష్పక్షపాత ప్రతిష్ఠ ఈ ఎన్నికలో ఖర్చయింది. రెండేళ్ల ముందు పార్టీకి అతీతుడనన్న వ్యక్తి, ఆ పార్టీలో ఒక వర్గం రెండో వర్గంపై ప్రయోగించిన అభ్యర్థి అయ్యారు. ఓటమి కన్నా పెద్ద నష్టం ఇదే.

అదే 1969 మార్చిలో తరిమెల నాగిరెడ్డి ఆంధ్రప్రదేశ్ శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేశారు. చట్టసభల ద్వారా పేదలకు ఒరిగేది లేదన్న నిర్ధారణతో, ఆ మాట సభలోనే చెప్పి, ఆయన విప్లవోద్యమంలోకి వెళ్లారు. ఒకే జిల్లా, బంధుత్వం గల రెండు కుటుంబాలు, ఒకే ఏడాది. ఒకరు చట్టసభను వదిలినది దానికి బయట ఉన్న దారి కోసం. మరొకరు వదిలినది దానికి పైన ఉన్న పీఠం కోసం. నాగిరెడ్డి అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 జూలైలో, అజ్ఞాతవాసంలోనే మరణించారు. సంజీవరెడ్డి అనంతపురం చేరి వ్యవసాయం చేసుకొన్నారు. రాయలసీమ రాజకీయాలను ముఠా కక్షల చరిత్రగానే చదివే అలవాటు ఉన్నవారు ఈ రెండు రాజీనామాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవాలి.

నంద్యాల నుంచి రాష్ట్రపతి భవన్‌కు

1975లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమంతో సంజీవరెడ్డి తిరిగి రాజకీయాల్లోకి వచ్చారు. 1977 మార్చి ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకు దక్కాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల, గెలిచినది జనతా అభ్యర్థి సంజీవరెడ్డి. ఉత్తరాది అంతా కాంగ్రెసును తిరస్కరించిన ఎన్నికలో తెలుగువారు దానికే పట్టం కట్టారు. తెలుగునాట జనతా పార్టీకి వచ్చిన ఏకైక సభ్యుడు మార్చి 26న ఏకగ్రీవంగా స్పీకరయ్యారు, జూలై 13న రాజీనామా చేశారు.

ప్రధాని మొరార్జీ మొదట రుక్మిణీదేవి అరండేల్ పేరు తలపెట్టారు, ఆమె అంగీకరించలేదు. ఆమె కళాక్షేత్ర పుట్టిన అడయారులోనే సంజీవరెడ్డి చదువుకోవడం కేవలం యాదృచ్ఛికం. 37 మంది నామినేషన్లు వేయగా 36 చెల్లలేదు. 1969లో 14,650 ఓట్ల విలువతో చేజారిన పదవి 1977 జూలైలో ఒక్క ఓటూ పడకుండానే వచ్చింది. ఆ ఎన్నికలో ఇందిరాగాంధీ పార్టీ కూడా ఆయనను వ్యతిరేకించలేదు. అరవై నాలుగేళ్ల వయసులో రాష్ట్రపతి అయిన ఆయనే 2022 వరకు ఆ పదవి చేపట్టినవారిలో పిన్నవయస్కుడు.

1979 ఆగస్టు

అంతవరకు సంజీవరెడ్డి రాజీనామాలు ఇచ్చినవారు. 1979లో పుచ్చుకొనే స్థానంలో ఉన్నారు. అవిశ్వాస తీర్మానం ఎదుట మెజారిటీ కోల్పోయిన మొరార్జీ జూలై 15న రాజీనామా చేశారు. రాష్ట్రపతి మొదట ప్రతిపక్షనేత చవాన్‌ను ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు, అది సాధ్యపడలేదు. తరువాత మొరార్జీ, చరణ్ సింగ్ ఇద్దరినీ మద్దతుదారుల జాబితాలు ఇవ్వమని అడిగారు. జూలై 28న చరణ్ సింగ్ చేత ప్రమాణం చేయించి, ఆగస్టు మూడో వారంలోగా సభ విశ్వాసం పొందాలని కోరారు.

ఇక్కడివరకు రాష్ట్రపతి తీరును తప్పుపట్టడం కష్టం. జాబితాలు కాగితం మీది లెక్క. ఆ లెక్కను నిర్ణీత గడువులోగా సభలో రుజువు చేయమనడం తరువాతి కాలపు రాష్ట్రపతులు, గవర్నర్లు అనుసరించిన దారి. సభ ఎదుట జవాబు ఆలస్యం కాకూడదన్న 1967 స్పీకరే ఈ షరతులో కనిపిస్తారు.

చిక్కు ఆ తరువాత వచ్చింది. ఇందిరాగాంధీ మద్దతు ఉపసంహరించడంతో చరణ్ సింగ్ ఆగస్టు 20న లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేసి, సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. మొరార్జీ స్థానంలో జనతా పార్లమెంటరీ పార్టీ నాయకుడైన జగ్జీవన్ రామ్ తనకు అవకాశం ఇవ్వాలని కోరారు. ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు.

సభ విశ్వాసాన్ని ఒక్కరోజు కూడా పొందని ప్రధాని ఆ సభను రద్దు చేయమని సలహా ఇవ్వవచ్చునా? ఇచ్చినా, రాష్ట్రపతి దానికి కట్టుబడాలా? 1979 జూన్‌లో అమలులోకి వచ్చిన 44వ సవరణ మంత్రిమండలి సలహాను పునరాలోచనకు తిప్పి పంపే అధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. ఆ సవరణకు ఆమోదముద్ర వేసినవారు సంజీవరెడ్డియే. ఫిరాయింపులతో అతుకుల బొంతగా మారిన సభలో మరో ప్రభుత్వం నిలిచేది కాదన్న వాదనకు బలం ఉంది. జగ్జీవన్ రామ్‌కు ఆధిక్యం ఉందని ఖాయంగా చెప్పగలిగినవారూ లేరు. అయితే ఆధిక్యం ఉందా లేదా అన్నది రాష్ట్రపతి భవన్‌లో కాక సభలో తేలాలని నెల రోజుల క్రితం షరతు పెట్టినది ఆయనే. చరణ్ సింగ్‌కు పెట్టిన పరీక్షను జగ్జీవన్ రామ్‌కు పెట్టలేదు. పరీక్షలో ఓడటం వేరు, పరీక్షకు కూర్చోనివ్వకపోవడం వేరు.

1969 నాటి వైరం ఇందుకు కారణమని విమర్శకులు అన్నారు. బెంగుళూరులో తనకు పోటీగా వచ్చిన పేరును ఢిల్లీలో అడ్డుకొన్నారన్న ఆ వాదన కథగా ఆకర్షణీయమైనదే. మనసులోని కారణాలను పత్రాలు చెప్పవు కాబట్టి చరిత్ర రచన ఆ ఆకర్షణకు లొంగకూడదు. దళిత నాయకుడు ప్రధాని అయ్యే అవకాశం ముందుకు వచ్చి, సభ ఎదుటికి చేరకుండానే ముగిసిందన్నది మాత్రం పత్రాలు చెప్పే సంగతి. 1960లో తన రాజీనామాతో తొలి దళిత ముఖ్యమంత్రికి దారి ఏర్పడిన నాయకుని జీవితంలోనే ఇదీ జరిగింది.

1980 జనవరి ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెసు 353 స్థానాలు గెలిచింది. జనతా 31 వద్ద ఆగింది. పదకొండేళ్ల క్రితం తన ఓటమికి కారకురాలైన నాయకురాలి చేత సంజీవరెడ్డి ప్రధానిగా ప్రమాణం చేయించారు.

1982

1982 జూలై 24న జాతికి చేసిన వీడ్కోలు ప్రసంగంలో ఆయన ప్రజల జీవితాలను మెరుగుపరచడంలో వరుస ప్రభుత్వాలు విఫలమయ్యాయని విమర్శించారు, బలమైన ప్రతిపక్షం ఉండాలని కోరారు. మరునాడు పదవి నుంచి దిగారు. నిర్ణీత గడువు పూర్తయ్యేదాకా ఆయన నిర్వహించిన పెద్ద పదవి ఇదొక్కటే. బెంగుళూరులో స్థిరపడమని కర్ణాటక నాయకుడు రామకృష్ణ హెగ్డే ఆహ్వానించినా ఆయన అనంతపురం పొలానికే వెళ్లారు. 1996 జూన్ 1న బెంగుళూరులో మరణించారు.

1989లో వెలువడిన ఆయన ఆంగ్ల స్మృతుల పేరు ‘వితౌట్ ఫియర్ ఆర్ ఫేవర్’. భయపక్షపాతాలు లేకుండా అని దాని అర్థం. రాజ్యాంగంలో ఈ మాటలు మంత్రులు, న్యాయమూర్తులు చేసే ప్రమాణంలో ఉన్నాయి. రాష్ట్రపతి ప్రమాణంలో లేవు. రాజ్యాంగాన్ని, శాసనాన్ని పరిరక్షిస్తానని, ప్రజల సేవకు అంకితమవుతానని మాత్రమే రాష్ట్రపతి ప్రమాణం చేస్తారు. రాష్ట్రపతిగా తన అనుభవాలు చెప్పే పుస్తకానికి సంజీవరెడ్డి ఎంచుకొన్నది, 1949లో మద్రాసు మంత్రి నాటి నుంచి పదేపదే స్వీకరించి, పదేపదే వదిలిన పదవుల ప్రమాణంలోని మాటలు.